పని ఆపని మేస్త్రి

పైడితల్లికి ఇరవై ఆరేళ్లు వచ్చినా, నిలబడి ఉండగా ఎవరూ ఆమె చేతికి గాజు గ్లాసు ఇచ్చేవారు కాదు. వెనక నుంచి ఎవరైనా పిలిచినా, కుక్కరు కూత పెట్టినా, వీధిలో తలుపు దభాలున పడినా ఆమె ఒళ్లు ఒక్కసారిగా కొయ్యబారిపోయేది. చేతులు చాపి ఆసరా వెతుక్కునే వ్యవధి కూడా ఉండేది కాదు, నిలువునా పడిపోయేది. స్పృహ మాత్రం పోయేది కాదు. పడిపోతున్నానని తెలుస్తూనే ఉండేది. అర నిమిషానికి ఒళ్లు వదులయ్యాక లేచి, నెత్తురు తుడుచుకుని, చేస్తున్న పని మళ్లీ అందుకునేది. నుదుటి మీద అలా పడ్డప్పటి మచ్చలు ఏడున్నాయి.

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే సన్యాసిరావు అంతా తెలిసే ఆమెను చేసుకున్నాడు. తలుపుల అంచులకు పాత సైకిలు ట్యూబు ముక్కలు కొట్టాడు. గిన్నెల కింద గోనెపట్టా పరిచాడు. పెళ్లయిన మూడో ఏట ఆడపిల్ల పుట్టింది. దివిజ అని పేరు పెట్టుకున్నారు. తల్లి జబ్బు పిల్లకు రాలేదని పరీక్షల్లో తేలాక ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. పైడితల్లి పడుకుని పాలిచ్చేది, గోడకు ఆనుకుని కూర్చుని ఒళ్లో పెట్టుకునేది. నిలబడి ఎత్తుకోవడం మాత్రం ఒక్కనాడూ లేదు. పిల్లను అందించడానికీ, అందుకోవడానికీ అత్త ఎర్రయ్యమ్మ ఎప్పుడూ పక్కనే ఉండాల్సి వచ్చేది.

నరాల వైద్యుడు దేవసహాయం పైడితల్లిని వెంటబెట్టుకుని శాస్త్రవేత్త కాత్యాయని ల్యాబుకు వచ్చేనాటికి పిల్లకు రెండు నెలలు. కాత్యాయనికి యాభై నాలుగేళ్లు. పదకొండేళ్లుగా ఆ జబ్బు మీదే పనిచేస్తోంది. మోకాళ్లు అరిగాయి, కళ్లద్దాలు నాలుగుసార్లు మారాయి. పొద్దున కట్టుకొచ్చిన పెరుగన్నం సాయంత్రం నాలుగింటికి తినడం అలవాటైపోయింది.

"నీ ఒంట్లో ఏం జరుగుతోందో చెప్తాను విను," అంది కాత్యాయని, పైడితల్లిని కుర్చీలో కూర్చోబెట్టి. "చప్పుడు వినగానే ఎవరి ఒళ్లయినా ఉలిక్కిపడుతుంది. వెంటనే వెన్నులో ఒక నరం ఇంకో నరానికి 'చాల్లే, ఆగు' అని కబురు పంపుతుంది. ఆ కబురు ఒక రసాయనం. పడవ అనుకో. జెట్టీకి వస్తుంది. అక్కడ సరుకు దించుకునే కూలీలు నిలబడి ఉండాలి. నీ ఒంట్లో పడవా వస్తోంది, కూలీలూ పుడుతున్నారు. కానీ జెట్టీకి ఎటు పోవాలో వాళ్లకి తెలియడం లేదు. ఒడ్డంతా చెల్లాచెదురుగా తిరుగుతున్నారు. అందుకే కబురు దిగదు, ఒళ్లు ఆగదు."

"అంటే ఆలని తోలుకెల్లే మేస్త్రి నేడన్నమాట," అంది పైడితల్లి.

కాత్యాయని నవ్వింది. పదకొండేళ్లలో తాను రాసిన వ్యాసాలన్నిటికన్నా ఆ మాటే సరిగ్గా ఉందనిపించింది. ఆ కూలీలను శాస్త్రవేత్తలు గ్రాహకాలంటారు. నాడీకణం లోపల పుట్టిన గ్రాహకాన్ని వెంటబెట్టుకుని రెండు నరాలు కలిసే సంధి దాకా తీసుకుపోయి, అక్కడ నిలబెట్టే ప్రొటీనులు వేరే ఉంటాయి. అవి పైడితల్లిలో పుట్టుకతోనే చెడిపోయాయి. కాత్యాయని కొత్తగా అల్లిన ప్రొటీను ఆ పని చేస్తుంది. అప్పటిదాకా దానికి ఒక నంబరే ఉండేది. ఆనాటి నుంచి ల్యాబులో అందరూ మేస్త్రి అనే పిలిచారు.

"అది ఎక్కితే నాను నిలబడి నా గుంటని ఎత్తుకోగలనా?" అని అడిగింది పైడితల్లి. ఇంకేమీ అడగలేదు.

"ఇది ఎక్కించిన ఎలుకలు ఎనిమిది నెలలుగా బాగున్నాయి. మనుషుల్లో నువ్వే మొదటిదానివి. ఎలా ఉంటుందో నాకూ తెలీదు," అంది కాత్యాయని.

"తెల్దని సెప్పినారు. అదే సాలు," అని వేలిముద్ర కాకుండా, వంకరటింకరగా పూర్తి పేరు రాసి సంతకం చేసింది.

మేస్త్రిని తయారుచేసే జన్యువును హాని లేని వైరస్ డొల్లలో పెట్టి వెన్నులోకి ఎక్కించారు. ఆరో వారం దేవసహాయం చప్పుడు కాకుండా ఆమె వెనకకు వెళ్లి, చెవి పక్కనే గట్టిగా చప్పట్లు కొట్టాడు. వార్డులో నర్సులే ఉలిక్కిపడ్డారు. పైడితల్లి మెల్లగా తల తిప్పి, "ఏటి బాబూ?" అంది.

ఎర్రయ్యమ్మ పిల్లను తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. పైడితల్లి నిలబడే ఉంది. పిల్లను భుజాన వేసుకుంది. వార్డు ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే ఉంది. భోజనాల బండి వచ్చినా ఆగలేదు. సన్యాసిరావు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు మాత్రం అదురుతున్నాయి.

ఆరోజు కాత్యాయని ఇంటికి వెళ్లి, చీర కూడా మార్చుకోకుండా పదకొండు గంటలు నిద్రపోయింది.

*

మరో ఐదు నెలలు గడిచాయి. ఇంకో ఇద్దరు రోగులు, నర్సీపట్నం నుంచి ఒకరు, పలాస నుంచి ఒకరు, తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. ఒక సోమవారం ల్యాబు టెక్నీషియను రమాతులసి ఒక పంజరం పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది.

"మేడమ్, ఇవి అన్నిటికన్నా ముందు మేస్త్రి ఎక్కించిన ఎలుకలు. పద్నాలుగు నెలలు దాటాయి. ఒకసారి చూడండి."

నాలుగు ఎలుకలూ పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. జబ్బుగా లేవు, కళ్లు తెరిచే ఉన్నాయి. రమాతులసి దూదిపుల్ల ఒకదాని కంటి దగ్గరికి తీసుకెళ్లింది. అది రెప్ప వెయ్యలేదు. పుల్ల రెప్ప వెంట్రుకలకు తగిలినా వెయ్యలేదు.

"ఊపిరి లెక్కపెట్టావా?"

"ఉండాల్సిన దాంట్లో సగం మేడమ్."

వాటిలో ఒకదాని వెన్నుముక్కను ఆ మధ్యాహ్నం మైక్రోస్కోపు కింద పెట్టారు. గ్రాహకాలు ఆకుపచ్చగా వెలిగేలా రంగు వేశారు. ఏడాది కిందట అదే తెర మీద, నరం పొడుగునా దీపాలు వరసగా పెట్టినట్టు విడివిడిగా చుక్కలు కనబడ్డాయి. ఆ బొమ్మను ముద్రించి గోడకు కూడా తగిలించారు. ఇప్పుడు చుక్కలు లేవు. ఒకదానికొకటి అంటుకుపోయి పచ్చటి మందపాటి చార అయ్యాయి. జెట్టీ నిండిపోయినా మేస్త్రి కూలీలను తోలుకొస్తూనే ఉన్నాడు. ఒంట్లో పుట్టే అసలు ప్రొటీనుకు ఎక్కడ ఆగాలో తెలుసు. కాత్యాయని అల్లిన దానికి తెలియదు.

ఆమె కళ్లద్దాలు తీసి చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది. ఎలుకల ఎనిమిదో నెల లెక్కల్లోనే ఒక గీత కొంచెం పైకి పాకుతూ కనబడింది. అదే సర్దుకుంటుందిలే అనుకుంది. ఇంకో ఆరు నెలలు ఆగి చూద్దామని రమాతులసి అంటే, "ఇంకెన్నాళ్లు తులసీ, నాకు ఓపిక లేదు," అన్న మాట ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది.

నర్సీపట్నానికీ పలాసకూ తానే ఫోను చేసి, ఇక రావద్దని చెప్పింది. పలాస మనిషి ఏడ్చాడు. అతను ఏడుపు ఆపేవరకూ ఫోను పెట్టెయ్యకుండా వింది.

*

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి హార్బరుకు వెళ్లింది. ఐసు ఫ్యాక్టరీ వెనక రెండు గదుల ఇల్లు. ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు పగలగొట్టే మిషను గోల వీధిలోకి వినిపిస్తోంది. పైడితల్లి పొయ్యి దగ్గర నిలబడి, పిల్లను చంకన వేసుకుని పులుసు కలుపుతోంది. తొమ్మిది నెలల పిల్ల తల్లి జుట్టు పీకుతోంది. చూడముచ్చటగా ఉన్న ఆ దృశ్యం చూసి కాత్యాయని గుమ్మంలోనే ఆగిపోయింది.

"రండి డాక్టరమ్మా, కూకోండి," అంది పైడితల్లి. మాట మెత్తగా, నెమ్మదిగా ఉంది.

ఎర్రయ్యమ్మ కాత్యాయనిని చెయ్యి పట్టుకుని గుమ్మం బయటకు తీసుకెళ్లింది. "మంచే సేసినారు తల్లీ, కాదననేదు. కానీ ఇది మడిసిలాగ నేదు. మొన్న గుంట మంచం మీంచి దొర్లి పడిపోనాది. గొల్లుమన్నాది. నానయితే గుండె ఆగిపోయి పరిగెట్టుకొచ్చినాను. ఇది తల తిప్పి సూసి, అలగ నడుసుకుంటూ ఒచ్చినాది. తల్లి అలగ నడుత్తాదేటమ్మా?"

"తర్వాత ఏమంది?"

"'నాకూ తెలుస్తంది అత్తా, కానీ ఒళ్లు కదల్దు' అన్నాది."

లోపలికి వచ్చి చూస్తే పైడితల్లి కుడిచేతి మూడు వేళ్ల మీద బొబ్బలున్నాయి. అడిగితే, మూకుడు అంచు కాలుతోందని తెలిసిందట, చెయ్యి దానంతటదే వెనక్కి రాలేదట. కాత్యాయని ఆమెను కూర్చోబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చి, ఒకే ఊపిరిలో ఎన్ని అంకెలు చెప్పగలదో చెప్పమంది. మందు ఎక్కిన కొత్తల్లో నలభై దాకా చెప్పేది. ఇప్పుడు ఇరవై ఆరు దగ్గర గొంతు ఆరిపోయింది.

ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్లారు. దేవసహాయం గదిలో అందరూ కూర్చున్నాక కాత్యాయని ఏదీ దాచకుండా చెప్పింది. కూలీలతో జెట్టీ నిండిపోయింది. 'ఆగు' అన్న కబురు మరీ ఎక్కువగా దిగుతోంది. చేతులను ఆపినట్టే రేపు ఊపిరినీ ఆపుతుంది. దీనికి విరుగుడుగా ఒక మాత్ర మొదటే తయారుచేసి పెట్టారు. అది మింగితే మేస్త్రి శాశ్వతంగా పనిలోంచి పోతాడు. కూలీలు వారం పది రోజుల్లో చెదిరిపోతారు.

"మల్లీ ఎక్కించుకోడానికి కుదర్దా?" అన్నాడు సన్యాసిరావు.

"కుదరదు. ఆ వైరస్‌ని ఇప్పుడు ఒళ్లు గుర్తుపడుతుంది. రెండోసారి లోపలికి రానివ్వదు."

"అంటే నాను మల్లీ పడిపోతాను," అంది పైడితల్లి.

"అవును."

కాత్యాయని కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుంది. "ఇంకో మాట నీకు చెప్పాలి. ఎలుకల్ని చూసి ఎనిమిదో నెలలోనే నాకు అనుమానం వచ్చింది. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే తెలిసిపోయేది. ఆగలేకపోయాను. అలిసిపోయానమ్మా."

పైడితల్లి ఆమె ముఖంలోకి చూసింది. కోపం లేదు. కోపం రావడానికి కావాల్సిన వేగం కూడా ఆ ఒంట్లో లేదేమో. "అలిసిపోతే ఎవులైనా కూకుంటారు డాక్టరమ్మా. మీరు కూకోనేదు, పరిగెత్తీసినారు," అంది.

ఆ తర్వాత అడగాల్సింది అడిగింది. "ఆ మాత్ర ఇప్పుడొద్దు. గుంట నడిసేదాకా ఒగ్గీయండి. నడిసీసిందంటే దాన్ని ఎత్తుకోవక్కర్నేదు. అదే నా దగ్గరికొస్తాది."

దేవసహాయం ఒప్పుకోలేదు. ఆస్పత్రి కమిటీ అసలు ఒప్పుకోలేదు. కాత్యాయని మాత్రం రెండు రోజులు వాళ్లతో వాదించింది. ఒంటి మీద హక్కు ఆమెది, మన తొందరకు మూల్యం చెల్లిస్తున్నది ఆమె, కనీసం గడువైనా ఆమె చేతిలో ఉండనివ్వండి అంది. చివరికి మూడు షరతుల మీద సరేనన్నారు. నిద్రపోయేటప్పుడు ముక్కుకు ఊపిరి మిషను పెట్టుకోవాలి. వారానికి రెండుసార్లు ఫోనులో అంకెలు వినిపించాలి. పద్దెనిమిదికి తగ్గిన రోజున మారుమాట లేకుండా మాత్ర మింగాలి.

*

సోమవారం, గురువారం సరిగ్గా పదింటికి ఫోను మోగేది. కాత్యాయని పెన్ను పట్టుకుని వినేది. ఇరవై ఐదు. ఇరవై నాలుగు. మళ్లీ ఇరవై నాలుగు. అంకెలు అయ్యాక పైడితల్లి పిల్ల కబుర్లు చెప్పేది. గోడ పట్టుకుని లేచిందట. బకెట్టు తోసుకుంటూ రెండడుగులు వేసి కూలబడిందట. మిగతా వేళల్లో కాత్యాయని ల్యాబులో మేస్త్రికి ఎక్కడ ఆగాలో నేర్పే దారి వెతుకుతూ కూర్చునేది. ఆ దారి దొరికినా పైడితల్లికి పనికిరాదని తెలుసు. అయినా వెతికేది. రాత మీద చూపు నిలవక ఒకే వాక్యం నాలుగుసార్లు చదివేది.

ఇరవై రెండు దగ్గర అంకె ఆగిపోయింది. మూడు వారాలు అక్కడే ఉంది. ఎలుకల్లో ఎక్కడా అలా ఆగలేదు. మనుషుల్లో సర్దుకుంటోందేమోనన్న ఆశ ఆమెలో మెల్లగా తల ఎత్తింది. దేవసహాయానికి కూడా చెప్పింది.

ఆ మర్నాడు, ఫోను రావాల్సిన రోజు కాకపోయినా, ఫోను వచ్చింది. ఎర్రయ్యమ్మ. పక్కింట్లోంచి మాట్లాడుతోంది.

"డాక్టరమ్మా, నా కోడలు మిమ్మల్ని మోసం సేత్తంది. అంకెలు సెప్పేటప్పుడు మద్దిలో దొంగూపిరి తీస్తంది. ఫోను కాసింత దూరం ఒట్టుకుని తీస్తంది. నాను సెప్పినానని సెప్పకండి. అది నన్ను సమించదు. కానీ నాకు గుంట ఒక్కతీ కాదు, అదీ కావాల."

కాత్యాయని అరగంటలో అక్కడుంది. ఎదురుగా కుర్చీ వేసుకుని, పైడితల్లి రెండు చేతులూ పట్టుకుని, "ఇప్పుడు చెప్పు," అంది.

పైడితల్లి ఒకసారి అత్త వైపు చూసింది. అంకెలు చెప్పడం మొదలుపెట్టింది. పద్నాలుగు దగ్గర ఆగిపోయింది. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు వారాల్నుంచి." కాస్త ఊపిరి కూడదీసుకుంది. "ఇంకో నాలుగు రోజుల్లో నడిసీసేది డాక్టరమ్మా. మంచం ఒగ్గీసి నిలబడతంది."

కాత్యాయనికి కోపం రాలేదు. తిట్టే ఓపిక కూడా లేదు. "ఈరోజే వెళ్దాం," అంది అంతే.

"ఎల్దాం. ఒక్కసారి జెట్టీ దాకా ఎత్తుకుని ఎల్లొస్తాను. రెండు పర్లాంగులు. మీరూ రండి."

వద్దనాలి. కాత్యాయని అనలేకపోయింది. పైడితల్లి పిల్లను చంకన వేసుకుంది. ఒక పక్క సన్యాసిరావు, ఒక పక్క కాత్యాయని నడిచారు. మూడు చోట్ల ఆగింది. ఆగినప్పుడల్లా సన్యాసిరావు చేతులు చాపేవాడు, ఆమె తల అడ్డంగా ఊపేది. జెట్టీ మీద బోట్లు దగ్గరదగ్గరగా కట్టి ఉన్నాయి. ఎండుచేపల వాసన, డీజిలు వాసన. పైడితల్లి పిల్లకు బోట్లను ఒక్కొక్కటిగా పేరు చదివి చూపించింది.

అప్పుడే పక్కనున్న బోటు ఒకటి చెవులు పగిలేలా హారను కొట్టింది. కాత్యాయని అదిరిపడింది. సన్యాసిరావు భార్యను పట్టుకోబోయాడు, పాత అలవాటు. పిల్ల ఒక్కసారిగా ముడుచుకుపోయి, తల్లి మెడను రెండు చేతులా గట్టిగా వాటేసుకుని కెవ్వుమంది.

పైడితల్లి మాత్రం కదల్లేదు. బోటు వైపే చూస్తూ ఉంది. రెండు మూడు క్షణాలయ్యాక నెమ్మదిగా ముఖం తిప్పి పిల్లను చూసింది. తన మెడకు బిగిసిన చిన్న చేతులు, ఏడ్చి ఎర్రబడిన ముఖం అప్పుడు కనబడ్డాయి ఆమెకు.

"దీనికి బయమేసినాది," అంది. "నాకు సూత్తేగానీ తెల్లేదు." పిల్ల వీపు నిమిరింది. కాసేపటికి మళ్లీ అంది, "సంకలోనే ఉంది. ఇంత దగ్గిరగా ఉంది. అయినా తెల్లేదు."

ఆమె పిల్లను మొగుడి చేతికి తనంతట తానే ఇచ్చేసింది. "పదండి డాక్టరమ్మా."

*

మాత్ర మింగించి, ఊపిరి మిషను పెట్టి, ఆస్పత్రిలో ఉంచారు. మొదటి నాలుగు రోజులు అంకె పన్నెండుకు దిగింది. కాత్యాయని బయట బెంచీ మీదే కూర్చుని అక్కడే అన్నం తినేది. ఐదో రోజు పదిహేను. ఏడో రోజు ఇరవై మూడు. తొమ్మిదో రోజు కారిడారులో ఎవరో ఆయా చేతిలోంచి స్టీలు బేసిను జారి పడింది. లోపల మంచం మీద కూర్చుని ఉన్న పైడితల్లి కొయ్యబారి వెనక్కి పడిపోయింది.

నర్సులు పరిగెత్తారు. దేవసహాయం తల వంచుకున్నాడు. పదకొండేళ్లుగా ఏది ఆపాలని పాటుపడిందో అది మళ్లీ కళ్లముందే జరిగినందుకు కాత్యాయనికి కన్నీళ్లు వచ్చాయి. అవి సంతోషంతో వచ్చాయని ఎవరికైనా చెప్పాలంటే సిగ్గేసింది. ఆ రోజు పైడితల్లి నలభై ఒకటి దాకా చెప్పింది.

కాత్యాయని నివేదిక రాసింది. ఎనిమిదో నెల గీత గురించీ, తన తొందర గురించీ మొదటి పేజీలోనే రాసింది. ప్రయోగాలు ఆపేశారు. పని రమాతులసికి అప్పగించి, ఎలుకలను రెండేళ్లు చూడకుండా మనుషుల జోలికి వెళ్లవద్దని చెప్పి, తాను సెలవు పెట్టింది.

పైడితల్లి ఇంటికి వచ్చిన మూడో వారం కాత్యాయని చూడటానికి వెళ్లింది. పైడితల్లి గోడ వారగా పరుపు మీద నిలబడి బట్టలు మడత పెడుతోంది. నుదుటి మీద ఎనిమిదో గాయం ఇంకా పచ్చిగా ఉంది. ఎర్రయ్యమ్మ గుమ్మంలో చేపలు కడుగుతోంది. సన్యాసిరావు డ్యూటీకి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. పిల్ల మంచం కోడు పట్టుకుని నిలబడి ఉంది.

పిల్ల చెయ్యి వదిలేసింది. ఎవరూ పిలవలేదు. ఒక అడుగు వేసింది, తూలింది, నిలదొక్కుకుని ఇంకోటి వేసింది.

"ఓలమ్మో! గుంట నడిసేత్తంది!" అని ఎర్రయ్యమ్మ ఒక్క కేక పెట్టింది.

ఆ కేకకు పైడితల్లి చేతిలో బట్టలతోనే కొయ్యబారి పరుపు మీద అడ్డంగా పడిపోయింది. సన్యాసిరావు ముందుకు దూకబోతే కాత్యాయని అతని భుజం పట్టుకుని ఆపింది. "ఉండు. పరుపు మీదే పడింది. ఏం కాలేదు."

పిల్ల తల్లి పడిన చోటు వైపు చూసింది. భయపడలేదు. ఇంకో అడుగు, ఇంకో అడుగు వేసి పరుపు అంచు తగిలి, దబ్బున తల్లి పొట్ట మీద కూలబడింది. అక్కడే సుఖంగా సర్దుకుని, ఆమె గాజులు లాగడం మొదలుపెట్టింది.

పైడితల్లి కళ్లు తెరిచే ఉన్నాయి. చేతులు కదలడానికి అర నిమిషం పట్టింది. కదలగానే రెండు చేతులూ పిల్ల చుట్టూ వేసుకుంది. లేవలేదు.

"ఎన్నడుగులేసినాది డాక్టరమ్మా?" అని అడిగింది, పడుకునే. "నాను పైకప్పు సూత్తన్నాను. కనబల్లేదు."

"నాలుగు," అంది కాత్యాయని, నేల మీద ఆమె పక్కన కూలబడుతూ.